రుణచరిత్రము: టీకా తాత్పర్య సహితము

అవతారిక

కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్య రాసిన మల్లినాథసూరిది మన మెదకు సీమలోని కొల్చారం అంటారు. మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ఆయన ముందే ఒట్టు పెట్టుకున్నాడు. మొదటి ఒట్టు ఈ టీకాకారుడికీ సమ్మతమే. రెండోది కుదిరే పని కాదు. అదీగాక మల్లినాథుడికి లేని ఇరకాటం ఒకటి మనకుంది. ఆయన చేతిలో ఉన్నది మేఘసందేశం. మన చేతిలో ఉన్నది క్రెడిట్ రిపోర్టు. మేఘం నిజంగానే కబురు మోసుకెళ్ళిందా అని అక్కడ ఎవరూ నిలదీయరు. ఇక్కడ మూలంలో ఒక్క అంకె తప్పు పడితే ఇంటి లోను ఆగిపోతుంది.

గ్రంథనాయకుడు అప్పారావు. పేరు చూసి నవ్వకండి, తాతగారి పేరు పెట్టారు. ఒకటో తారీకున ధీరోదాత్తుడు, పదో తారీకుకు ధీరశాంతుడు, ఇరవై దాటాక ఏ లక్షణగ్రంథానికీ అందడు. గ్రంథమంతా ఆయన గురించే గానీ అందులో ఒక్క అక్షరం ఆయన రాసింది కాదు. ఆయనకు అప్పిచ్చిన ప్రతి బ్యాంకూ, ప్రతి ఫైనాన్సు కంపెనీ, ప్రతి కార్డు కంపెనీ తన వంతు పంక్తులు రాసి పంపుతుంది. 2025 జనవరి 1న ఈ పంపకం పక్షానికి ఒకసారి అయింది, అంటే నెలలో 15వ తారీకుకూ నెలాఖరుకూ. అప్పిచ్చినవాడు రాసిన చరిత్రలో అప్పు తీసుకున్నవాడు ఎంత అందంగా కనిపిస్తాడో ఆ మేరకే ఆశ పెట్టుకోవాలి.

సంకలనకర్తలు నలుగురు: ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఈక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, క్రిఫ్ హైమార్క్. నలుగురికీ రిజర్వు బ్యాంకు అనుమతి ఉంది, నలుగురినీ ఏలే చట్టం 2005 నాటిది. వీరిలో సిబిల్ పెద్దది, 2000లో ముంబైలో పుట్టింది. అందుకే మనవాళ్ళకు నాలుగూ సిబిలే. "నీ సిబిల్ ఎంత?" అని పెళ్ళిచూపుల్లో అడిగే రోజు ఇంకా రాలేదు గానీ, బైకు షోరూములో వచ్చేసింది. ఒకే గ్రంథానికి నాలుగు ప్రతులు, ప్రతికో పాఠం. వ్యాఖ్యాతకు ఇంతకన్నా కడుపు నిండే సంగతి ఏముంటుంది?

మంగళాచరణం

పూర్వులు ఇష్టదేవతను తలచుకొనేవారు. ఈ గ్రంథానికి ఇష్టదేవత ఎవరో తేలక, టీకాకారుడే వస్తునిర్దేశం కోసం ఒక ఆటవెలది కట్టాడు.

జీతమెంత యన్న జెప్ప దీ గ్రంథమ్ము
కట్టినట్టి తేది కాంచి చెప్పు
సంపదెంత యున్న జాడ లే దిందులో
అప్పు దీర్చినట్టి యానవాలె

ప్రతిపదార్థం: ఈ గ్రంథమ్ము = ఈ క్రెడిట్ రిపోర్టు; జీతము ఎంత అన్నన్ = నీ జీతం ఎంత అని ఎవరు అడిగినా; చెప్పదు = నోరు విప్పదు; కట్టినట్టి తేది = వాయిదా కట్టిన తారీకును; కాంచి = కళ్ళజోడు సవరించుకొని చూసి; చెప్పు = ఊరంతా చాటును; సంపద ఎంత ఉన్నన్ = కోకాపేటలో మూడు ప్లాట్లూ, లాకరు నిండా బంగారమూ ఉన్నా; జాడ లేదు = ఆ ఊసే ఉండదు; అప్పు తీర్చినట్టి ఆనవాలె = తీసుకున్నది తిరిగి కట్టిన గుర్తు మాత్రమే ఉండును.

విశేషం: "కట్టినట్టి", "దీర్చినట్టి" అన్న చోట్ల "నట్టి" అర్థం కోసం కాదు, గణాల కోసం. అసలు మాటలు తక్కువై పాదం నిండనప్పుడు ఇట్లాంటివి కిస్తీకి చిల్లర కలిపినట్టు కలుపుతారు.

ఆక్షేపం: రిపోర్టులో ఉద్యోగ వివరాల గడి ఉంది, అందులో ఆదాయం అని కూడా ఉంది కదా, పద్యం తప్పు కాదా?
సమాధానం: గడి ఉన్న మాట నిజమే. లోనుకు అర్జీ పెట్టిన నాడు బ్యాంకు రాసుకున్నది అందులో పడితే పడుతుంది, లేకపోతే ఖాళీ. పడ్డా స్కోరు లెక్కలో దానికి చోటు లేదు. నెలకు మూడు లక్షలు తెచ్చుకుంటూ కార్డు బిల్లు మరిచిపోయేవాడి కన్నా, ముప్పై వేల జీతంతో ఫ్రిజ్ వాయిదా తారీకు తప్పకుండా కట్టినవాడు ఈ గ్రంథంలో ఉత్తమ నాయకుడు. సేవింగ్స్ ఖాతాలో ఎంత మూలుగుతోందో, ఫిక్స్‌డ్ డిపాజిట్లు ఎన్నో ఇందులో ఉండవు. పద్యం నిలిచింది.

మూలం: "స్కోరు 742"

టీక: 300కు తగ్గదు, 900 దాటదు. అన్నీ తప్పులే రాసొచ్చినా మూడొందలు వేసే పరీక్ష దేశంలో ఇదొక్కటే. 750 పైన ఉంటే బ్యాంకువాళ్ళు కుర్చీ వేసి కూర్చోబెడతారు. ఇంత ఉంటేనే లోను ఇవ్వాలని రిజర్వు బ్యాంకు ఎక్కడా గీత గీయలేదు. ఆ గీత బ్యాంకుకొకటి, ఒక్కో బ్యాంకులో లోనుకొకటి.

ఈ అంకె ఎట్లా కడతారు? వాయిదాలు తారీకుకు కట్టారా, కార్డు పరిమితిలో ఎంత భాగం వాడేశారు, అప్పుల అనుభవం ఎన్నేళ్ళది, ఈ మధ్య ఎందరి గడప తొక్కారు, ఇవి కలిపి కడతారు. ఏది ఎన్ని పాళ్ళు? పాతకాలపు వ్యాఖ్యాతలకు ఒక మంచి అలవాటు ఉండేది. తేలిక పద్యానికి రెండు పేజీలు రాసి, కొరుకుడు పడని పద్యం దగ్గరికి రాగానే "స్పష్టము" అని ఒక్క ముక్క రాసి దాటేసేవారు. స్కోరు సూత్రం విషయంలో నాలుగు సంస్థలూ ఆ సంప్రదాయాన్నే పాటిస్తున్నాయి. కాబట్టి: స్పష్టము.

పరిమితి గురించి మాత్రం ఒక మాట. అప్పారావు కార్డు పరిమితి లక్ష. నెలనెలా తొంభై వేలు వాడి, గడువులోగా పైసాతో సహా కట్టేస్తాడు. ఒక్క రూపాయి వడ్డీ పడదు. అయినా స్కోరు ముక్కుతూ మూలుగుతూ ఉంటుంది. కారణం ఏమంటే విడత విడతకూ బ్యాంకు పంపే పంక్తిలో ఆనాటి బాకీ ఉంటుంది. ఆ రోజుకు తొంభై వేలు నిలిచి ఉంటే, లక్షకు తొంభై వేలు అప్పున్నవాడనే కనిపిస్తాడు. అయిదు రోజుల తర్వాత కట్టాడన్నది వచ్చే విడత కథ. పరిమితిలో ముప్పై శాతం దాటకపోతే మేలని ఈ వ్యవహారం తెలిసినవాళ్ళు చెప్పేది ఇందుకే.

మూలం: "పేరు: కె వి అప్పా రావు"

టీక: ఇక్కడ టీకాకారుడు కాసేపు ఆగక తప్పదు. ఈ దేశంలో రుణచరిత్ర రాసేవాడికి తెలుగువాడి పేరును మించిన కష్టం లేదు. ఇంటిపేరు ముందుంటుంది. అది ఒకచోట పొడి అక్షరం, పాన్ కార్డు మీద పూర్తి పేరు. మధ్యలో వెంకట అనివార్యం. చివర రావు అతుక్కొని ఒకచోట, విడిపోయి ఒకచోట. లక్ష్మి అయితే ఇంగ్లీషులో ఒక బ్యాంకులో ఎక్స్‌తో, ఇంకో బ్యాంకులో కే, ఎస్, హెచ్‌లతో. వెంకటేశ్వర్లు గారి విషయం ఇక్కడ ఎత్తుకుంటే ఈ సంచిక చాలదు. ఫారం నింపిన కుర్రాడు ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్ అన్న రెండు గళ్ళలో వీటిని ఏ వరసలో కూరాడో వాడికీ తెలియదు.

నాలుగు సంస్థల కంప్యూటర్లూ ఈ పేర్లను, పాన్‌ను, పుట్టిన తారీకును, ఫోను నంబరును, చిరునామాను పక్కపక్కన పెట్టి, ఇది ఒకే మనిషిదని తేల్చుకొని పంక్తులను ఒక దస్త్రంలో చేరుస్తాయి. పాన్ సరిగా ఉంటే గొడవ లేదు. పాన్ గడిలో తప్పు పడి, పేరూ పుట్టిన ఏడూ కలిసిన చోట ప్రక్షిప్తాలు పుట్టుకొస్తాయి. మన అప్పారావు దస్త్రంలో ఒక బైకు లోను ఉంది. బండి కొన్నది ఇంకో జిల్లాలోని ఇంకో అప్పారావు. ఆయన ఆర్నెల్లు నడిపి వాయిదాలు ఆపేశాడు. బండి అక్కడ తిరుగుతోంది, బకాయి ఇక్కడ తిరుగుతోంది. మహాభారతంలో కవులు కలిపిన శ్లోకాలను వెయ్యేళ్ళ తర్వాత పండితులు పట్టుకున్నారు. దీన్ని పట్టుకోవలసినవాడు అప్పారావే, అదీ ఇంటి లోను అర్జీ పెట్టకముందే.

మూలం: "చిరునామాలు, ఫోను నంబర్లు"

టీక: స్పష్టం. ఈసారి నిజంగానే స్పష్టం. అమీర్‌పేట హాస్టలు, ఎస్సార్ నగర్‌లో నలుగురు కలిసి ఉన్న గది, పెళ్ళయ్యాక నిజాంపేట, ఇప్పుడు మియాపూర్. ఫోను నంబర్లలో మొదటి రెండూ ఎప్పుడో పోయాయి. పోయిన నంబరు ఎంత పని చేస్తుందో కిందనే వస్తుంది.

మూలం: "జూన్ 000. జూలై 011. ఆగస్టు 042. సెప్టెంబరు 072. అక్టోబరు 103."

టీక: గ్రంథానికి ప్రాణం ఇదే. ఒక్కో అప్పుకూ ముప్పై ఆరు నెలల గళ్ళు, ఒక్కో గడిలో మూడేసి అంకెలు. వాయిదా గడువు దాటి ఎన్ని రోజులైందన్నది ఆ అంకె. 000 అంటే బాకీ ఏదీ ఆలస్యం కాలేదు. మూడు అంకెల చోట మూడు ఎక్స్‌లు కనిపిస్తే కంగారు పడవద్దు, ఆ నెల బ్యాంకు ఏమీ పంపలేదని అర్థం. లేఖకుడు ఆ తాటాకును రాయకుండా వదిలేశాడు. కొన్ని ప్రతుల్లో అంకెలకు బదులు అక్షరాలుంటాయి. ఎస్‌టీడీ అంటే బాగానే ఉన్నాడు. ఎస్‌ఎంఏ అంటే కనిపెట్టి చూడండి. ఎస్‌యూబీ అంటే తొంభై రోజులు దాటింది, మొండి బాకీల గుమ్మంలో కాలుపెట్టాడు. డీబీటీ అంటే వస్తుందో రాదో. ఎల్‌ఎస్‌ఎస్ అంటే ఆశ వదులుకున్నాం.

పై మూలంలోని కథాంశం ఇది. అప్పారావు ఒకప్పుడు మాల్‌లో స్టాలు దగ్గర నిలబెట్టి ఇచ్చిన కార్డు తీసుకున్నాడు. మొదటి ఏడు ఉచితం. దాంతో ఒక ప్రెషర్ కుక్కరు కొని, బిల్లు కట్టి, కార్డును బీరువాలో పడేశాడు. రెండో ఏడు వార్షిక రుసుము పడింది: 499 రూపాయలు, దాని మీద జీఎస్టీ 18 శాతం, వెరసి 588 రూపాయల 82 పైసలు. గడువు జూలై 20. ఆ సంగతి చెప్పిన మెసేజి ఎస్సార్ నగర్ కాలం నాటి నంబరుకు పోయింది. గడువు దాటిన మూడు రోజుల వరకు కార్డు కంపెనీ దీన్ని బకాయిగా పంపకూడదు. అప్పారావుకు మూడు రోజులు కాదు, మూడు నెలలు గడిచినా తెలియలేదు. జూలై ముగిసేసరికి పదకొండు, ఆగస్టు ముగిసేసరికి నలభై రెండు, అక్టోబరుకు నూట మూడు. తొంభై దాటగానే కుక్కరు కొన్న కార్డు మొండి బాకీ అయి కూర్చుంది.

దీని ఖరీదు చూడండి. స్కోరు దిగితే బ్యాంకు ఇంటి లోనే ఇవ్వకపోవచ్చు, ఇచ్చినా వడ్డీ ఎక్కువ వేయవచ్చు. ఇరవై ఏళ్ళకు యాభై లక్షలు, ఎనిమిదిన్నర శాతం అయితే నెలకు 43,391 రూపాయలు. పావు శాతం పెరిగితే 44,186. నెలకు ఎనిమిది వందల లోపు తేడా, ఇరవై ఏళ్ళకు లక్షా తొంభై వేలు. మూలం 588 రూపాయల 82 పైసలు.

ఆక్షేపం: వాడని కార్డును రద్దు చేయించుకుంటే పోయేది కదా?
సమాధానం: పోయేది. బాకీ లేని కార్డును రద్దు చేయమని అడిగిన ఏడు పనిదినాల్లో చేయకపోతే కంపెనీ రోజుకు అయిదు వందలు చెల్లించాలని 2022 నుంచి నియమం కూడా ఉంది. అడగాలి, అంతే.

ఇంకో ఆక్షేపం, ఇది గట్టిది: గళ్ళ నిండా సున్నాలున్నవాడు అప్పుల్లో హాయిగా ఉన్నట్టేనా?
సమాధానం: కానే కాదు. కార్డు బిల్లులో మినిమం డ్యూ అని ఒక చిన్న మొత్తం ఉంటుంది. అంతమట్టుకు కడుతూ పోతే గడిలో 000 పడుతూనే ఉంటుంది. మిగిలిన బాకీ మీద నెలకు మూడున్నర శాతం చొప్పున వడ్డీ వేసే కార్డులున్నాయి, అంటే ఏడాదికి 42. మన ఊళ్ళో నూటికి మూడు రూపాయల వడ్డీ అంటే నోరు నొక్కుకుంటాం. ఈ మూడున్నరకు కట్టేవాడు గ్రంథంలో సుగుణాల రాశి. గ్రంథం కొలిచేది ఇచ్చినవాడి నిద్రను, తీసుకున్నవాడి నిద్రను కాదు. ఈ ఒక్కటీ గుర్తుంటే మిగతా టీకా చదవకపోయినా టీకాకారుడు ఏమీ అనుకోడు.

మూలం: "స్థితి: సెటిల్డ్"

టీక: క్లోజ్డ్ వేరు, సెటిల్డ్ వేరు. లక్ష బాకీ ఉన్నవాడికి రికవరీ ఏజెంటు ఫోను చేసి, "అన్నా, నలభై వేలు ఒక్కసారిగా కట్టెయ్యి, ఫైలు మూసేస్తాం" అంటాడు. ఆయన భార్య మెడలో గొలుసు కుదువపెట్టి కడతాడు, లెటరు పుచ్చుకుంటాడు, గుడికి వెళ్ళి కొబ్బరికాయ కొడతాడు. గ్రంథంలో మాత్రం అది సెటిల్డ్ అని పడుతుంది. అనగా, మాకు రావలసింది పూర్తిగా రాలేదు, వచ్చిందానితో సరిపెట్టుకున్నాం అని భావం. తర్వాత చదివే బ్యాంకుకు అది మచ్చే. రిటన్ ఆఫ్ అన్నది ఇంకా ముదురు. ఆ మాట విని బాకీ మాఫీ అయిందని సంబరపడేవారున్నారు. బ్యాంకు తన పుస్తకంలో ఆశ వదులుకుంది గానీ అప్పారావును వదల్లేదు.

ఈ వివరాలను కనీసం ఏడేళ్ళు భద్రపరచాలని నిబంధన. ఏలినాటి శని ఏడున్నరేళ్ళు. శనికి శాంతులున్నాయి. దీనికి శాంతి చేస్తామంటూ, "సిబిల్ క్లియర్ చేయబడును" అని స్తంభాలకు అట్టలు కట్టేవాళ్ళున్నారు. అయిదు వేలో పదివేలో తీసుకొని వాళ్ళు చేసేది ఏమీ ఉండదు. నిజమైన పంక్తిని ఎవరూ చెరపలేరు, అబద్ధపు పంక్తిని చెరిపించడానికి డబ్బు అక్కర్లేదు.

నంద్యాలలో బ్యాంకు పరీక్షలకు రాత్రింబగళ్ళు చదివే పిల్లలకు ఒక సూచన. బ్యాంకు ఉద్యోగంలో చేరేటప్పుడు ఈ గ్రంథం కూడా చూస్తారు. లోన్ యాప్‌లో తీసుకున్న మూడు వేలను తేలిగ్గా చూడకండి. రీజనింగ్‌లో మార్కులు ఎన్ని వచ్చినా ఇక్కడి అంకె వేరే.

మూలం: "హోదా: గ్యారంటర్"

టీక: బావమరిది ట్రాక్టరు తీసుకున్నాడు. "బావా, ష్యూరిటీ సంతకం ఒక్కటే. వాయిదాలన్నీ నేనే కట్టుకుంటా, నీకేం భయం లేదు." భోజనాల దగ్గర, కోడికూర వడ్డించాక, భార్య ఎదురుగా కూర్చొని ఉండగా అడిగాడు. కాదనడానికి అప్పారావుకు ధైర్యం ఎక్కడిది?

1872 నాటి కాంట్రాక్టు చట్టం 128వ సెక్షను ప్రకారం హామీదారు బాధ్యత అసలు రుణగ్రస్తుడి బాధ్యతతో సమానం. బ్యాంకు ముందు బావమరిదిని పట్టుకొని, వాడి దగ్గర రాకపోతేనే ఇటు రావాలన్న వరస ఏమీ లేదు. గ్రంథంలో ఆ ట్రాక్టరు అప్పారావు దస్త్రంలోనూ కనిపిస్తుంది. వర్షాలు పడక అక్కడ వాయిదా తప్పితే ఇక్కడ గడిలో 030. అలంకార శాస్త్రంలో దీన్ని అసంగతి అంటారు: కారణం ఒకచోట, కార్యం ఇంకోచోట. అమెరికా చదువుకు కొడుకు పేర తీసిన లోనులో తండ్రి సహ రుణగ్రస్తుడైనా ఇదే అలంకారం.

మూలం: "విచారణలు: వారంలో ఆరు"

టీక: లోను కావాలని అప్పారావు ఆరుచోట్ల అర్జీ పెట్టాడు. ఆరుగురూ ఈ గ్రంథం తెప్పించి చదివారు. చదివిన ప్రతివాడి పేరూ తారీకూ చివరి పుటల్లో పడ్డాయి. ఏడోవాడు అవి చూసి, ఇంత ఆత్రం ఎందుకో అని అనుమానపడతాడు, స్కోరూ కొంచెం దిగుతుంది. అప్పారావు తన రిపోర్టు తానే చదువుకుంటే మాత్రం ఏ దోషమూ లేదు, రోజుకు పదిసార్లు చూసుకున్నా స్కోరు తగ్గదు. నమ్మనివారు చాలామంది ఉన్నారు గనక రెండోసారి రాస్తున్నాను: తగ్గదు.

మూలం: "-1"

టీక: ఇది అప్పారావు తండ్రిది. ఆయన డెబ్బై ఏళ్ళ జీవితంలో ఏ బ్యాంకుకూ బాకీ లేడు. కూతురి పెళ్ళికి నాలుగేళ్ళు చిట్టీ కట్టి పాడుకున్నాడు. ఒకసారి ఊళ్ళో షావుకారు దగ్గర ప్రామిసరీ నోటు రాసి, చెప్పిన రోజుకు వడ్డీతో సహా ఇచ్చి, నోటు చింపించాడు. ఊళ్ళో ఆయన మాటకు ఎదురులేదు. ఆ చిట్టీ, ఆ నోటు, ఆ మాట ఏ బ్యాంకు పుస్తకంలోనూ లేవు గనక గ్రంథంలో లేవు. మనవడి బైకుకు తన పేరు ఇస్తానని వెళితే కంప్యూటరు మైనస్ ఒకటి చూపింది. తప్పు చేశాడని కాదు, చరిత్ర లేదని. చరిత్ర లేదన్న ఒక్క కారణంతో మొదటిసారి వచ్చినవాణ్ణి తిప్పి పంపవద్దని 2025లో పార్లమెంటులోనూ చెప్పారు. షోరూములో కుర్రాడు పార్లమెంటు చూడడు.

హైదరాబాదులో 800 తెచ్చుకున్న పిల్లవాడు డల్లాస్‌లో దిగితే అతనికీ ఇదే గతి. అక్కడ కొలమానం 300 నుంచి 850 దాకా, సంస్థల్లో మూడు పేర్లు మనకు తెలిసినవే, ఇక్కడి పుణ్యం మాత్రం అక్కడికి బదిలీ కాదు. డిపాజిట్ కట్టి కార్డు తీసుకొని మళ్ళీ ఓనమాలు.

తండ్రికి లేని చరిత్ర మన పల్లెల్లో ఆడవాళ్ళకు ఉంది. 2010లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మైక్రోఫైనాన్సు సంక్షోభం వచ్చింది. వారం వారం వసూళ్ళ ఒత్తిడి, ఒకే ఇంట్లో నాలుగైదు కంపెనీల అప్పులు, ఆత్మహత్యల వార్తలు. అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది, వసూళ్ళు కుప్పకూలాయి. ఎవరికి ఎందరు అప్పిచ్చారో ఏ కంపెనీకీ తెలియని పరిస్థితి ఉండకూడదని, ఆ తర్వాత ఈ చిన్న అప్పుల వివరాలు కూడా గ్రంథంలోకి ఎక్కాయి. డ్వాక్రా సంఘంలో ఎవరి వాటా ఎంత అన్నది కూడా మనిషి మనిషికీ ఇవ్వాలని 2016లో రిజర్వు బ్యాంకు చెప్పింది. రుణమాఫీ వస్తుందని పంట రుణం రెన్యువల్ ఆపుకున్న రైతు ఖాతా బకాయిలో పడే సంగతి రెండు రాష్ట్రాల్లోనూ ఎవరికీ కొత్త కాదు. మాఫీ మాట మైకులో వినిపిస్తుంది, గడిలో అంకె మాత్రం చప్పుడు చేయకుండా మారుతుంది.

పాఠపరిష్కరణం

ఇక ఇంకో జిల్లా అప్పారావు బైకు. నాలుగు సంస్థల్లో ప్రతి ఒక్కటీ ఏడాదికి ఒకసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలని 2017 నుంచి నియమం. అప్పారావు సిబిల్ ప్రతి తెరిచి, బైకు పంక్తి దగ్గర ఫిర్యాదు నమోదు చేశాడు. సంకలనకర్త తనంతట తాను పంక్తి కొట్టేయలేడు, రాసి పంపిన ఫైనాన్సు కంపెనీ ఒప్పుకోవాలి. కబురందాక ఇరవై ఒక్క రోజుల్లో కంపెనీ సవరణ పంపాలి, ఫిర్యాదు చేసిన నాటి నుంచి ముప్పై రోజుల్లో మొత్తం వ్యవహారం తేలాలి. తేలకపోతే దాటిన రోజుకు వంద రూపాయల చొప్పున, ఆలస్యం ఎవరిదైతే వాళ్ళు, అప్పారావుకు ఇచ్చుకోవాలి. 2024 ఏప్రిల్ 26 నుంచి ఇది అమల్లో ఉంది. అప్పటికీ తిప్పలు పెడితే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ ఉన్నాడు. స్కోరు ఎట్లా కట్టారో చెప్పండన్న పేచీకి మాత్రం ఈ పరిహారం వర్తించదు.

చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ కడపలో పండితులను కూర్చోబెట్టి, సొంత డబ్బులోంచి వాళ్ళకు జీతాలిచ్చి, తెలుగు కావ్యాల ప్రతులు ఒకదానితో ఒకటి పోల్చి సరిచేయించాడు. పాఠం తప్పు రాసిన లేఖకుడి చేత జరిమానా కట్టించవచ్చని ఆయనకు తట్టలేదు.

ఫైనాన్సు కంపెనీ రెండుసార్లు "పరిశీలనలో ఉంది" అని జవాబిచ్చి, నలభై నాలుగో రోజున బైకు ఈ అప్పారావుది కాదని ఒప్పుకుంది. దాటిన రోజులు పద్నాలుగు, పరిహారం పద్నాలుగు వందలు, అయిదు పనిదినాల్లో ఖాతాలో పడాలి. పడింది. సిబిల్ ప్రతిలో బైకు లేదు. మిగతా మూడు ప్రతులు అప్పారావు ఇంకా తెరవలేదు.